నల్ల గళ్లు, నల్ల మెట్లు: మ్యూజిక్ గేములు పిల్లల్ని వాయిద్యం దాకా తీసుకెళ్తాయా?

వేసవి సెలవులకి మా అక్క కొడుకు కోనసీమలో మా ఇంటికొచ్చాడు. పదకొండేళ్లు. మధ్యాహ్నం కొబ్బరాకు కూడా కదలని వేళ, వీధరుగు మీద బోర్లా పడుకుని ఫోన్లో పియానో గేము ఆడుతుంటాడు. తెర మీద పైనుంచి నల్ల గళ్లు జారుతుంటాయి. కిందకి దిగిపోయేలోపు వాటిని తాకాలి. తాకిన ప్రతిసారీ పాటలో ఒక ముక్క మోగుతుంది. పొరపాటున తెల్ల గడి మీద వేలు పడిందా, ఆట సరి. వాడి రెండు బొటనవేళ్లూ ఆడుతుంటే చూస్తే నాకు రొయ్యల షెడ్డుల్లో తలలు తీసే ఆడవాళ్ల చేతులు గుర్తొచ్చాయి. అంత వేగం.

"వీడికి సంగీతం పట్టుబడేట్టుందిరా, ఓ గిటారు కొనిపెడదామా?" అంది అక్క. బావగారు మాత్రం "ఆ ఫోను లాక్కుంటే చాలు, గిటారెందుకు" అన్నారు.

మా నాన్నగారు ఒకప్పుడు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఆ పెట్టె అటక మీద ఉంది. దించి, దుమ్ము దులిపి వాడి ముందు పెట్టాను. వాడు తెల్ల మెట్ల జోలికే పోలేదు. గేము నేర్పిన భయం! మూడు నల్ల మెట్లు పక్కపక్కన ఉండే చోట మొదటిదానితో ఎత్తుకుని, కుడివైపుకి ఐదూ వరసగా నొక్కాడు. పడక కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్న నాన్నగారు లేవకుండానే "నాలుగున్నర శ్రుతిలో మోహన రాగంరా అది" అన్నారు.

అక్కకి అది రుజువులా వినిపించింది. బావగారికి కాకతాళీయంలా వినిపించింది. ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేల్చాలని కూర్చుంటే, అసలు ప్రశ్నే చిక్కుపడి ఉందని అర్థమైంది.

ఒకే ప్రశ్నలో దాక్కున్న మూడు ప్రశ్నలు

"గేములు ఆడితే పిల్లలు వాయిద్యం నేర్చుకుంటారా?" అని అడిగినప్పుడు మనం మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే మూటలో కడుతున్నాం. ఒకటి కోరిక: ఆట ఆడాక నిజమైన గిటారో కీబోర్డో పట్టుకోవాలని అనిపిస్తుందా? రెండోది చేతివాటం: ఆటలో వచ్చిన నేర్పు వాయిద్యం మీద పనికొస్తుందా? మూడోది నిలకడ: పట్టుకున్న పిల్లాడు ఆరు నెలల తర్వాత కూడా దాన్ని పట్టుకునే ఉంటాడా?

అక్క మాట్లాడింది కోరిక గురించి. బావగారి అనుమానం నిలకడ మీద. ఇంటర్నెట్‌లో జరిగే వాదనల్లో ఎక్కువ భాగం రెండో దాని మీద నడుస్తుంది. మూడింటికీ జవాబులు ఒకటి కావు. అందుకే ఈ విషయంలో ఎవరి మాట విన్నా సగం నిజంలాగే ఉంటుంది.

మ్యూజిక్ గేము అంటే ఏది?

పాట తాళానికి సరిగ్గా బటన్ నొక్కడమే ఆటగా ఉన్నదాన్ని రిథమ్ గేమ్ అంటారు. జపాన్ ఆర్కేడ్లలో 1990ల చివర్లో ఇవి ఊపందుకున్నాయి. కొనామీ కంపెనీ బీట్‌మానియా 1997లో వచ్చింది, కాళ్లతో ఆడే డాన్స్ డాన్స్ రివల్యూషన్ 1998లో. ప్రపంచమంతా మాట్లాడుకున్నది మాత్రం 2005లో అమెరికాలో వచ్చిన గిటార్ హీరో గురించి. హార్మోనిక్స్ అనే సంస్థ తయారుచేసిన ఈ ఆటకి తీగల్లేని ప్లాస్టిక్ గిటారు జతగా వచ్చేది. మెడ మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగుల్లో ఐదు బటన్లు. మీటడానికి బదులు కుడిచేత్తో పైకీ కిందకీ ఆడించే ఒక పట్టీ. తెర మీద రోడ్డు లాంటి దారి, దాని మీదుగా మన వైపు దొర్లుకొచ్చే రంగు బిళ్లలు. బిళ్ల గీత దగ్గరకి వచ్చేసరికి ఆ రంగు బటన్ పట్టుకుని పట్టీ ఆడించాలి. ఆడించకపోతే పాటలో గిటారు మూగబోతుంది. 2007లో అదే సంస్థ రాక్ బ్యాండ్ తెచ్చింది. అందులో గిటారుతో పాటు డ్రమ్ములూ మైకూ కూడా ఉండటంతో నలుగురు కలిసి ఆడేవారు.

ఇక్కడిదాకా అన్నీ వాయిద్యం బొమ్మలే. బొమ్మకీ వాయిద్యానికీ మధ్య గోడ పల్చబడింది తర్వాత. 2010లో వచ్చిన రాక్ బ్యాండ్ 3 కోసం 102 బటన్లున్న గిటారు బొమ్మ అమ్మారు: 17 మెట్లు, ఒక్కో మెట్టు మీద ఆరు తీగలకి ఆరు బటన్లు. నిజం తీగలున్న గిటారు కూడా దానికి పనిచేసేది. 2011లో యూబీసాఫ్ట్ తెచ్చిన రాక్‌స్మిత్ ఇంకో అడుగు వేసింది. మామూలు ఎలక్ట్రిక్ గిటారుని ఒక కేబుల్‌తో కంప్యూటర్‌కో గేము పెట్టెకో తగిలిస్తే మనం ఏ తీగ మీటామో ఆటే వింటుంది. బాగా వాయిస్తే నోట్లు పెంచుతుంది, తడబడితే తగ్గిస్తుంది. ఫిన్లాండ్‌లో పుట్టిన యూసీషియన్ లాంటి యాప్‌లు ఆ పనినే ఫోన్ మైకుతో చేస్తున్నాయి.

కాబట్టి ఒక కొసన మా వాడి నల్ల గళ్ల ఆట, ఇంకో కొసన దాదాపు పాఠం లాంటి రాక్‌స్మిత్. రెండింటినీ "మ్యూజిక్ గేమ్" అనే పిలుస్తాం. చేపల చెరువునీ సముద్రాన్నీ నీళ్లు అన్నట్టే.

ఐదో వంతు అనే అంకె, దాని వెనకాల లెక్క

ఈ చర్చలో పదేపదే వినిపించే అంకె ఒకటుంది. గిటార్ హీరో వేడి మీద ఉన్న 2008లో బ్రిటన్‌లోని యూత్ మ్యూజిక్ అనే స్వచ్ఛంద సంస్థ ఒక సర్వే బయటపెట్టింది. పిల్లల్లో సగానికి పైగా మ్యూజిక్ గేములు ఆడుతున్నారనీ, ఆడేవాళ్లలో దాదాపు ఐదో వంతు మంది ఆ ఆటల ప్రేరణతోనే వాయిద్యం పట్టుకున్నామని చెప్పారనీ దాని సారాంశం. మొత్తం దేశానికి లెక్కగట్టి లక్షల మంది పిల్లలు అంటూ పత్రికలు రాశాయి.

ఇలాంటి అంకెను ఎలా చదవాలో చూద్దాం. కింది సంఖ్యలు ఎక్కడివో కావు, లెక్క తెలియడానికి నేను పెట్టుకున్నవి.

భీమవరంలో ఒక వీధిలో వంద మంది పిల్లలున్నారనుకుందాం. అరవై మంది ఫోన్లో మ్యూజిక్ గేములు ఆడతారు, నలభై మంది ఆడరు. ఆడే అరవైలో ఐదో వంతు, అంటే పన్నెండు మంది "గేము వల్లే వాయిద్యం మొదలెట్టాం" అన్నారు. ఇప్పుడు ఆ పన్నెండు మందినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడుగుదాం. ఐదుగురు గేముకి ముందు నుంచే కీబోర్డు క్లాసుకి వెళ్తున్నారని తేలింది. సంగీతం ఇష్టం కాబట్టే ఆ గేము డౌన్‌లోడ్ చేసుకున్నారు. బండి ముందు, ఎద్దు వెనక అన్నమాట. మిగిలిన ఏడుగురిలో నలుగురి ఇళ్లలో అప్పటికే తబలానో గిటారో ఉంది. గేము లేకపోయినా ఏదో ఒక రోజు దాని మీద చెయ్యి వేసేవాళ్లేమో. కచ్చితంగా గేము ఖాతాలో వేయగలిగింది ముగ్గురిని.

ఇక ఆడని నలభై మంది సంగతి? వాళ్లలో ఎనిమిది మంది వాయిద్యం నేర్చుకుంటుంటే అదీ ఐదో వంతే. అప్పుడు గేము ఆడినా ఆడకపోయినా ఒకటే అనాలి. అదే నలభైలో ఇద్దరే నేర్చుకుంటుంటే, గేము వైపు ఏదో ఉన్నట్టే. అంటే ఆడేవాళ్ల అంకె ఒక్కటీ చేతికిస్తే ఏమీ తెలియదు. ఆడనివాళ్ల అంకె పక్కన పెట్టి చూడాలి.

ఇంకో చిక్కు: ఫోన్లో పాట వాయించేస్తున్నాం కదా అనే తృప్తితో నిజం వాయిద్యం వదిలేసిన పిల్లలు కూడా ఉండొచ్చు. "గేము వల్ల మానేశావా?" అని ఎవరూ అడగరు. అడగని ప్రశ్నకి అంకె ఉండదు.

ఈ "బండి ముందు, ఎద్దు వెనక" అనుమానం ఉత్తిదేం కాదు. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయ సంగీత పరిశోధకురాలు కిరి మిల్లర్ గిటార్ హీరో, రాక్ బ్యాండ్ ఆడేవాళ్ల మీద పరిశోధన చేసినప్పుడు, ఆమెతో మాట్లాడిన ఆటగాళ్లలో చాలామందికి అప్పటికే ఏదో ఒక వాయిద్యంతో పరిచయం ఉంది. అంతమాత్రాన సర్వే అబద్ధమని కాదు. పిల్లలు "ప్రేరణ కలిగింది" అన్నది నిజమే కావచ్చు. ఎంతమందికి ఆ ఒక్కటే కారణం అన్నది ఆ సర్వే తేల్చే విషయం కాదు, అంతే.

చేతికి ఏం వస్తుంది, ఏం రాదు

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే గేము అభిమానులూ సంగీతం మాస్టార్లూ ఇద్దరూ తొందరపడేది ఇక్కడే.

వచ్చేది ఉంది. పాట నడుస్తుండగా లయని వదలకుండా పట్టుకోవడం, కళ్లు నాలుగు అడుగులు ముందుకి చూస్తుండగా చేతులు ఇప్పటి పని చేయడం, కష్టమైన ముక్కని విడదీసి నెమ్మదిగా పదిసార్లు ఆడటం, ఇవన్నీ వాయిద్యగాళ్ల అలవాట్లే. పాటలో బేస్ గిటారు వేరే నడుస్తోందని గిటార్ హీరో ఆడాకే మొదటిసారి విన్నామని చెప్పేవాళ్లున్నారు. చెవి తెరుచుకోవడం చిన్న సంగతి కాదు. అన్నిటికంటే దగ్గరి చుట్టరికం డ్రమ్ములది. రాక్ బ్యాండ్‌లో నాలుగు ప్యాడ్లు, కాలికింద ఒక పెడల్. పుల్లలతో కొట్టేది నిజంగా కొట్టడమే. చేతులూ కాలూ వేర్వేరు పని చేయడం ఆ బొమ్మ మీద వచ్చిందంటే అసలు డ్రమ్ కిట్ మీద కూడా చాలావరకూ వచ్చినట్టే.

రానిది కూడా ఉంది, అది గిటారు దగ్గర బయటపడుతుంది. ప్లాస్టిక్ బటన్‌కి వేలు కోసుకోదు. ఉక్కు తీగ కోస్తుంది. మొదటి రెండు వారాలు వేళ్ల చివర్లు మండిపోతాయి, తర్వాత కాయలు కాస్తాయి. తీగని మెట్టుకి సరిగ్గా వెనక నొక్కాలి, కొంచెం జరిగినా గరగర. కొన్ని స్వరాల్ని ఒకేసారి మోగించడాన్ని కార్డ్ అంటారు; ఆరు తీగల్నీ ఒకే వేలితో అదిమిపట్టే ఎఫ్ కార్డ్ దగ్గర ఎంతమంది గిటారుని గోడకి తగిలించేశారో! అదీకాక మన కోనసీమ గాలిలో తేమకి తీగలు ఇట్టే తుప్పుపడతాయి. వాయించే ముందు శ్రుతి చేసుకోవాలి. ఇవేవీ ఆటలో లేవు.

మన సంగీతం దగ్గరకి వస్తే ఇంకో చిత్రం. గేముల్లో లెవెల్స్ ఉంటాయి కదా, కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే సరళీ వరసలు కూడా అలాంటివే. ఆది తాళంలో ఎనిమిది దెబ్బలు. మొదటి కాలంలో దెబ్బకో స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. పైకి చూస్తే నల్ల గళ్ల ఆటలో వేగం పెరగడం లాంటిదే. కానీ లోపల తేడా ఉంది. గేములో పాటే వేగం అందుకుంటుంది, మనం దాని వెనక పరిగెడతాం. సరళీ వరసలో తాళం కదలదు. అదే ఎనిమిది దెబ్బలు అదే నడకలో ఉంటాయి, వాటి లోపల స్వరాలు రెట్టింపవుతాయి. మా వాడికి వేగం భయం లేదు. మొదటి కాలం నుంచి రెండో కాలానికి మారమంటే మాత్రం చెయ్యి కూడా రెట్టింపు వేగంతో కొట్టేశాడు. నాన్నగారు వాడి మణికట్టు పట్టుకుని తాళం ఆపి చూపించాల్సొచ్చింది.

ఇక గమకం. గేముకి స్వరం అంటే ఉంది లేదా లేదు. గడి నొక్కావా, నొక్కలేదా. మన రాగానికి రెండు స్వరాల మధ్య ఊగే చోటే ప్రాణం. ఆ మాటకొస్తే హార్మోనియం మెట్ల మీదా గమకం పలకదు. అందుకే శాస్త్రీయ సంగీతం వాళ్లు ఆ పెట్టెని చాలాకాలం చిన్నచూపు చూశారు. గేముల మీద ఈరోజు వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని హార్మోనియం మీద వచ్చినవే.

శ్రుతి సంగతి కూడా అంతే. విదేశీ యాప్‌లు మైకులో విని "తప్పు" అనేది వాళ్లు ముందే రాసుకున్న స్థాయితో పోల్చి. ఐదున్నర శ్రుతిలో పాడే అమ్మాయి షడ్జమం, అంటే స, ఎక్కడో ఆ యాప్‌కి ఎవరైనా చెప్పాలి.

నల్ల మెట్లు అనుకోకుండా చెప్పిన సంగతి

మా వాడు చేసినది కాకతాళీయమా అంటే, సగం అవును. హార్మోనియం మీద ఒక స్థాయిలో నల్ల మెట్లు ఐదు. నాలుగున్నర శ్రుతి దగ్గర, అంటే వాడు ఎత్తుకున్న మెట్టు దగ్గర, షడ్జమం పెట్టుకుని ఆ ఐదే వాయిస్తే స రి గ ప ద వస్తాయి, మోహన రాగం. ఎవరు నొక్కినా వస్తుంది. పిల్లి నడిచినా వస్తుంది.

మిగతా సగం నాన్నగారు చేసినది. ఆయన పడక కుర్చీలోంచి లేచి వచ్చి, "అవే ఐదు మెట్లు, ఇక్కడ మొదలెట్టు" అని పక్క నల్ల మెట్టు చూపించారు. అది మధ్యమావతి అయింది. ఆ పక్కది షడ్జమం చేసుకుంటే హిందోళం. తర్వాత శుద్ధ సావేరి, ఆ తర్వాత శుద్ధ ధన్యాసి. మెట్లు మారలేదు, మొదలు మారింది, రాగం మారిపోయింది. దీన్ని గ్రహభేదం అంటారు. కచేరీల్లో విద్వాంసులు దీన్ని చేసి చూపిస్తే సభ సభంతా తల ఊపుతుంది. మా వాడికి అది ఒక గేములో దాచిన రహస్యం గదిలా అనిపించింది. "తాతయ్యా, ఇంకోటి ఉందా?" అన్నాడు. లేవు, ఐదు మెట్లకి ఐదే.

ఆ అరగంటలో గేము చేసింది ఎంత, తాత చేసింది ఎంత? నా లెక్కలో గేము వాణ్ని మెట్ల దాకా తెచ్చింది. నల్లవే నొక్కాలన్న తప్పుడు నియమం కూడా అదే నేర్పింది. ఆ తప్పుని రాగంగా వినగలిగిన చెవి మాత్రం కుర్చీలో ఉంది.

శబ్దం ముందా, శ్రమ ముందా

మూడో ప్రశ్న నిలకడ. ఇక్కడ గేముకీ వాయిద్యానికీ ఉన్న తేడా వరసలో ఉంది. గేములో మంచి శబ్దం మొదటి నిమిషంలోనే మోగుతుంది. ఎవరో ఆరితేరిన వాద్యకారుడు రికార్డింగ్ గదిలో వాయించినదాన్ని మనం బటన్‌తో విడుదల చేస్తున్నాం. శ్రమ తర్వాత వస్తుంది, అది కూడా స్కోరు కోసం. వయొలిన్ తీసుకోండి. మొదటి మూడు నెలలు ఇంట్లోవాళ్లు తలుపులు వేసుకునే శబ్దం. మంచి శబ్దం ఎప్పటికో.

గేములో గెలిచిన పిల్లాడు గిటారు పట్టుకోగానే ఒక్కసారిగా మొదటి లెవెల్‌కి పడిపోతాడు. నిన్నటిదాకా గుక్క తిప్పుకోకుండా నోట్లు దొర్లించినవాడికి ఇవాళ ఒక్క కార్డ్ మోగదు. కొందరికి ఇది పంతం పుట్టిస్తుంది, చాలామందికి నీరసం తెప్పిస్తుంది. అయితే ఈ నీరసానికి గేముల్నే నిందించలేం. గిటార్ల కంపెనీ ఫెండర్‌కి సీఈఓగా ఉన్న రోజుల్లో ఆండీ మూనీ ఒక మాట చాలా చోట్ల చెప్పేవారు: కొత్తగా గిటారు కొన్నవాళ్లలో 90 శాతం మంది ఏడాదిలోపే వదిలేస్తున్నారని. అది కంపెనీ అంచనా, పరిశోధన ఫలితం కాదు. అయినా సొంత సరుకు గురించి వ్యాపారి చెప్పిన చేదు మాట కాబట్టి పట్టించుకోవాలి. గేము ఆడి వచ్చినా ఆడకుండా వచ్చినా మొదటి ఏడాదే గండం. ఫెండర్ 2017లో పాఠాల యాప్ తెచ్చింది కూడా ఆ గండం దాటించడానికే. వదిలేసినవాడు రెండో గిటారు కొనడు కదా.

రాక్‌స్మిత్ లాంటివి ఈ వరసని కొంచెం సర్దాయి. నిజం తీగ, నిజం నొప్పి, కానీ వెనకాల పాట మొత్తం మోగుతూ ఉంటుంది, మనం ఒక్క నోటు వాయించినా బ్యాండ్‌లో ఉన్నట్టే ఉంటుంది. మంచి ఉపాయం. మన సంగీతంలో ఆ పని తంబురా చేసేది.

పాలకొల్లులో ఒక మాండలిన్

విదేశాల్లో తేలిన సంగతుల్ని మన డెల్టాకి ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. గిటార్ హీరో ప్లాస్టిక్ గిటార్లు మన వైపు ఇళ్లలోకి రానేలేదు. అసలు ఆ సిరీస్‌ని యాక్టివిజన్ కంపెనీ 2011లోనే ఆపేసింది, 2015లో ఒకసారి మళ్లీ తెచ్చినా. మన పిల్లలకి గేమంటే ఫోనే, అదీ 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక. బొమ్మ గిటారు మెడలో వేసుకుని నిలబడిన పిల్లాడికి ఒళ్లంతా వాయిద్యగాడిలా నిలబడటం అలవాటవుతుంది. రెండు బొటనవేళ్లతో ఆడేవాడికి అది కూడా లేదు. హార్మోనియం ముందు కూర్చోగానే మా వాడి ఎడమచేతికి తిత్తి ఊదే పని పడింది, మెట్లకి కుడిచేయి ఒక్కటే మిగిలింది. "ఇంకో చేత్తో గాలి కొట్టాలా?" అని బిక్కమొహం వేశాడు.

ఫోన్లో ఆ లోటున్నా, ఇక్కడ చేతికందే వాయిద్యాలు ఎక్కువ. అది మన డెల్టా అదృష్టం. ఆదివారం చర్చిలో కీబోర్డు, ప్యాడ్స్ వాయించేది చాలాచోట్ల పదిహేనేళ్ల కుర్రాళ్లే. వారం వారం వాయించాలి, జనం ముందు వాయించాలి, పాట ఆగకూడదు. రామాలయంలో భజన మేళానికి హార్మోనియం, తబలా. జాతరకి డోలు, సన్నాయి, డప్పు. గేములో ఎదిగిన కోరికకి ఒక చోటు కావాలి, ఇక్కడ ఆ చోట్లున్నాయి. చర్చి కీబోర్డు కుర్రాళ్లు కూడా ఒక గేము ఆడుతుంటారు లెండి: పాటలన్నీ ఒకే శ్రుతిలో నేర్చుకుని, పాడేవాళ్ల గొంతుని బట్టి ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేస్తారు, తాళానికి కీబోర్డులోనే ఉండే స్టైల్ ఆన్ చేస్తారు. నిజం వాయిద్యంలోనూ సగం పని యంత్రమే చేస్తున్నప్పుడు గీత ఎక్కడ గీయాలి?

చేతికందడం ఎంత పని చేస్తుందో చెప్పడానికి పాలకొల్లు చాలు. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, తండ్రి సత్యనారాయణ మాండలిన్‌ని పసితనంలోనే చేతికి తీసుకున్నాడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు పిల్లాణ్ణి శిష్యుడిగా తీసుకున్నారు. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ. కర్ణాటక సంగీతంలో అంతకుముందు ఎవరూ పెద్దగా లెక్కచేయని వాయిద్యంతో మాండలిన్ శ్రీనివాస్ అయ్యాడు. తర్వాత దేవిశ్రీప్రసాద్ మాండలిన్ నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఇది గేము లేని కథ. కానీ పైన వేసిన లెక్కకి పనికొస్తుంది. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారి ఇంట్లో తండ్రి సంగీతజ్ఞుడు, తల్లి వీణ వాయించేవారు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారు వీణ మెరుగులు దిద్దుకున్నది ద్రాక్షారామం నుంచి వచ్చిన ఈమని శంకరశాస్త్రి గారి దగ్గర. మన వైపు వాద్యకారుల పేర్లు ఎత్తితే, ఇంట్లోనో గురువు దగ్గరో అందుబాటులో ఉన్న వాయిద్యం కనిపిస్తుంది. గేము గొప్పతనం కొలవాలంటే ఇలాంటి ఇళ్ల పిల్లల్ని పక్కనపెట్టి, వాయిద్యం ముఖమే చూడని ఇంట్లో ఏం జరిగిందో చూడాలి.

ఇద్దరు మాస్టార్లు, రెండు మాటలు

ఈ విషయం మీద మా చుట్టుపక్కల పాఠాలు చెప్పే ఇద్దరితో మాట్లాడాను. వయొలిన్ నేర్పే ఆవిడకి గేముల మీద మంచి అభిప్రాయం లేదు. గేము నుంచి వచ్చిన పిల్లలు ప్రతి నోటుకీ మెచ్చుకోలు ఆశిస్తారనీ, తప్పు వాయించినప్పుడు దాన్ని వినకుండా తన మొహం చూస్తారనీ ఆవిడ ఫిర్యాదు. తప్పొప్పులు తెర చెప్పడం అలవాటైన చెవి సొంతంగా తూచడం మానేస్తుందట. కాదనలేని మాట.

కీబోర్డు నేర్పే మాస్టారు అలా అనుకోరు. ఆయన దగ్గరకి వచ్చే పిల్లల్లో సంగీతం వాతావరణం లేని ఇళ్లవాళ్లే ఎక్కువ. వాళ్ల నాన్నలకి సరళీ వరస అంటే ఏంటో తెలియదు, ఫోన్లో కొడుకు వాయించిన సినిమా పాట మాత్రం తెలుసు. ఆ పాట పట్టుకునే క్లాసుకి తెస్తారు. మొదటి నెల తాను కూడా ఆ పాటే నేర్పుతాననీ, రెండో నెలలో నెమ్మదిగా స్వరాలు కలుపుతాననీ చెప్పారు. శాస్త్రీయ సంగీతం గుమ్మం ఎత్తు ఎక్కువ, ఈ పిల్లలకి ఒక పీట కావాలి, గేము ఆ పీట అయితే తప్పేంటి అని ఆయన అడిగారు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారనే నేననుకుంటాను, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరు పిల్లల్ని చూస్తున్నారు. ఆవిడ దగ్గరకి వచ్చేవాళ్లు గేము లేకపోయినా వచ్చేవాళ్లే. వాళ్ల విషయంలో గేము కలిపింది తక్కువ, చెడగొట్టింది కనిపిస్తుంది. ఆయన దగ్గరకి వచ్చేవాళ్లు గేము లేకపోతే రానివాళ్లు. భీమవరం వీధి లెక్కలో మిగిలిన ఆ ముగ్గురూ వీళ్లే. నా మొగ్గు కొంచెం మాస్టారి వైపే. అయితే ఆయన రెండో నెల మాట మీదే ఆ మొగ్గంతా. రెండో నెల లేకపోతే బావగారు చెప్పినట్టు ఫోను లాక్కోవడమే నయం.

అక్క గిటారు కొనలేదు. హార్మోనియం పెట్టెని బండి డిక్కీలో వేసుకుని వెళ్లింది. నాన్నగారు వాడికి సరళీ వరసలు ఒకటి శ్రుతిలో, మాయామాళవగౌళలో మొదలుపెట్టించారు. అందులో తెల్ల మెట్లు ఐదు, నల్లవి రెండే. వాడికి మొదట్లో నచ్చలేదు.

మొన్న రాత్రి వాడు వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. ఐదు నల్ల మెట్లూ వరసగా, తర్వాత వెనక్కి. మూడోసారి వెనక్కి వస్తూ వేలు జారి పక్కనున్న తెల్లదాని మీద పడింది. ఒక్క క్షణం తిత్తి చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ తెల్ల మెట్టే, ఈసారి కావాలని, ఇంకోసారి మోగింది.